అబునాయ్ అన్న ముసలాయన

నేను పోదనూరువాణ్ణి. నాలుగో తరగతితో బడి మానేశాను. పత్రికకు రాయడం ఇదే మొదలు, తప్పులుంటే మన్నించండి.

దోసె మాస్టరుగా జపాన్ వెళ్లిన రెండో వారంలో జరిగింది ఇది. అక్కడే పనిచేసే నా బామ్మర్ది దొరసామి, సెలవురోజున నన్ను కారులో సముద్రం పక్క చేపలు పట్టేవాళ్ల చిన్న ఊరికి తీసుకెళ్లాడు. ఊరంతా నిశ్శబ్దం. ఫోటో తియ్యమని వాడికి ఫోనిచ్చి, అలలకు వీపు పెట్టి రాతికట్ట చివర నిలబడ్డాను.

దగ్గర్లో వల బాగుచేస్తున్న ముసలాయన నన్ను చూసి, "అబునాయ్! అబునాయ్!" అని అరిచాడు. మా పక్క అరవంలో నాయి అంటే కుక్క. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏమిరా ముసలోడా, యెవుర్ని నాయంటుండావు?" అని పిడికిలి ఎత్తాను.

ఆయన నా పిడికిలి వైపు చూడనే లేదు, నా వెనక సముద్రాన్నే చూస్తూ పరుగున వచ్చి నా చొక్కా పట్టి లాగేశాడు. ఇద్దరం వల మీద పడ్డాం. మరుక్షణమే ఇంటి ఎత్తు అల నేను నిలబడ్డ చోట విరుచుకుపడింది.

"అయ్యో బావా! నాయీ లేదు, గీయీ లేదు. ఆపత్తు, జరుగు అంటుండాడు!" అంటూ దొరసామి పరుగెత్తుకొచ్చాడు.

నా పిడికిలి అట్లాగే బిగుసుకుపోయి ఉంది. భయంతో బిగుసుకుందనుకున్నాడేమో, ముసలాయన ఆ చేతిని దగ్గరికి తీసుకుని, ఒక్కో వేలూ విప్పి, వెచ్చబడేదాకా రుద్దాడు.

అది తనను కొట్టడానికి బిగించిందని ఆయనకు తెలియదు. దొరసామి చేత చెప్పించే ధైర్యం నాకు లేకపోయింది. ఆయనతో చెప్పుకోలేనిది మీతో చెప్పుకుంటున్నాను.