మా పికప్ చప్పుళ్లు విన్న మనిషి

పోయిన ఆదివారం పొద్దున నేను మొక్కలకు నీళ్లు పడుతుంటే మా కోడలు ఫోన్ పట్టుకుని వచ్చింది. “అత్తమ్మా, జర కూసో” అంది. ఎవరైనా నన్ను కూర్చోమంటేనే నాకు గుండె దడ.

“మెకానిక్ అన్న పోయిండంట. తెల్లారంగ ఛాతీల నొప్పి లేసిందంట. దవాఖానకు తోలుకపోయేలోపే అయిపోయిందంట.”

“అయ్యో, ఏమన్న తిన్నడా మరి?” అన్నాను. ఎందుకలా అడిగానో తెలియదు. కోడలు తిని బయటికి పోయిందో లేదో, కొడుకు హెల్మెట్ పెట్టుకున్నాడో లేదో, ఊరందరి గురించీ ఫికర్ పడేదాన్ని. నాకంటే పదేళ్లు చిన్నవాడైన ఆయన గురించి మాత్రం ఒక్కనాడూ భయపడలేదు. అదే ఇప్పుడు తిననివ్వడం లేదు.

గోపన్‌పల్లిలో మాకు చిన్న నర్సరీ ఉంది. మేము మొక్కలు అమ్మేది తక్కువ, కిరాయికి ఇచ్చేది ఎక్కువ. గచ్చిబౌలి ఆఫీసుల్లో ఏసీకి వాడిపోయిన కుండీలను వారం వారం వెనక్కి తెచ్చి, బాగున్నవి పెట్టి వస్తాం. కొడుకు తోట చూసుకుంటాడు, కోడలు బండి నడుపుతుంది. మా ఆయన కొన్న పాత పెట్రోల్ పికప్ అది. ఆయన పోయినప్పటి నుంచి కోడలి పక్క సీటు నాది. ఇంట్లో ఒక్కదాన్నే ఉంటే పిచ్చి ఆలోచనలు వస్తాయి. బండిలో ఉంటే కనీసం కళ్ల ముందు రోడ్డుంటుంది.

ఒక వానాకాలం ఆ బండికి ఏదో రోగం పట్టింది. ఇంటి దగ్గర బాగానే స్టార్టయ్యేది. నాలుగైదు కిలోమీటర్లు పోయాక యాక్సిలరేటర్ తొక్కినా ముందుకు పోయేది కాదు, ఆగి ఆగి గుంజేది, ముందు నుంచి ఠాప్‌మని పేలేది. పక్కకు పెట్టి పది నిమిషాలు ఆగితే మళ్లీ ఏమీ ఎరగనట్టు నడిచేది. ఒకరోజు ఒక ఆఫీసు గేటు దగ్గరే పేలింది. సెక్యూరిటీ వాళ్లు నలుగురూ పరుగెత్తుకొచ్చారు. ఇంకోసారి ఇట్లయితే బండిని లోపలికి రానివ్వమన్నారు.

“ఈ వారం చూస్త. కాకపోతే తుక్కుకిచ్చి కొత్త బండి, డ్రైవర్‌ను పెట్టుకుందాం” అంది కోడలు. డ్రైవర్ వస్తే కోడలు పక్కకు జరుగుతుంది, నా సీటు పోతుంది. ఆ మాట పైకి ఎట్లా అనను?

మెకానిక్ అప్పటికే ప్లగ్గులు మార్చాడు, కార్బురేటర్ విప్పి కడిగాడు, పెట్రోల్ ఫిల్టర్ కొత్తది వేశాడు. పొడుగు స్క్రూడ్రైవర్ కొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. షెడ్డులో ఎంతసేపు తిప్పినా రోగం కనపడలేదు.

చివరికి నా వైపు తిరిగాడు. “మీరు చెప్పండి అక్కగారూ. అమ్మాయిగారు రోడ్డు చూస్తారు. మీరైతే బండినే వింటారు కదండీ.”

నా భయాల గురించి ఒక మనిషి నన్ను కూర్చోబెట్టి అడగడం అదే మొదలు. యూనివర్సిటీ గోడ దాటాక చిన్న దగ్గు, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మొదటి పేలుడు, వేడికి కాదు, ఎండ లేనినాడూ అంతే, అన్నీ చెప్పాను. ఆయన అడ్డు రాలేదు. నల్లటి చేతులు చొక్కా అంచుకే తుడుచుకుంటూ విన్నాడు.

“ఆగితే బాగవుతుందన్నారు చూడండి, అదేనండి అసలు మాట. పదండి, నేనూ వస్తాను.”

వెనక కుండీల మధ్య కూర్చున్నాడు. ఫ్లైఓవర్ దగ్గర బండి దగ్గగానే ఆపమని క్యాబిన్ మీద చేత్తో కొట్టాడు. బానెట్ ఎత్తలేదు. నేరుగా నా కిటికీ దగ్గరకొచ్చి, “ట్యాంకు తాళం ఇవ్వండి అక్కగారూ” అన్నాడు.

బంకులో మూత తీసేదీ పెట్టేదీ ఎప్పుడూ నేనే. పెట్రోల్ ఎవరైనా తీస్తారేమోనని తాళం నా కొంగుకే ఉండేది. ఆయన వెంట దిగాను. మూత తిప్పగానే ఉస్సుమంది. లోపల, మొక్కల వేర్లకు చుట్టే పాలిథిన్ కవర్ ట్యాంకు నోట్లోకి పీల్చుకుపోయి ఉంది. కుండీల నీళ్లు కారి ట్యాంకులో పడతాయేమోనని వానలు మొదలైనప్పుడు నేనే మూత కింద బిగించాను. ఇన్ని చెప్పిన దాన్ని ఆ ఒక్కటీ చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని తెలిస్తే కదా!

ఆయన కవర్ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

“ఏమైందన్నా?” ముందు నుంచి కోడలు అరిచింది.

కవర్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. “ఏం లేదమ్మా. ట్యాంకులోకి గాలి ఆడట్లేదు. పెట్రోలు కిందికి దిగిన మేర పైనుంచి గాలి పోవాలి కదా. అది లేక ఇంజన్‌కు పెట్రోలు చాలట్లేదు. ఇంక పేలదు, పోనీయండి.”

“గింతేనా? గీ దానికి నెల సంది సంపిండ్రు గదన్నా!”

“నాదే పొరపాటమ్మా, ముందే చూసుండాల్సింది.”

పొరపాటు తన మీద వేసుకున్నాడు. షెడ్డు దగ్గర దిగేటప్పుడు మాత్రం నాకొక్కదానికే వినపడేలా, “భయపడటం మానమని అననండి, మీ వల్ల కాదు. ఎక్కడ ఏం మూశారో మటుకు నాకు చెబుతూ ఉండండి” అని నవ్వాడు.

అప్పటి నుంచి ప్రతి చిన్నదానికీ ఫోన్ చేసేదాన్ని. ఎత్తగానే “ఇవాళ ఏం చప్పుడండీ?” అనేవాడు. ఒక్కోసారి చప్పుడేమీ ఉండేది కాదు. ఏదో ఒకటి కల్పించి చెప్పేదాన్ని. తెలిసీ వినేవాడనుకుంటాను. ఈ సంగతులేవీ మా కోడలికి తెలియవు. ఇది చదువుతుంది. చదవనీ.

పోయిన ఆదివారం ఆయన్ని చివరిసారి చూసి, ఆయన భార్య చేతులు కాసేపు పట్టుకుని, బయలుదేరాం. ఫ్లైఓవర్ ఎక్కుతున్నప్పుడు నేను ఊపిరి బిగబట్టి విన్నాను. ఇన్నేళ్లలో మొదటిసారి, బండి ఇప్పుడు ఇక్కడ ఆగిపోతే బాగుండుననిపించింది. బానెట్ ఎత్తి నిలబడితే ఎవరైనా రావాలి కదా.

బండి ఆగలేదు. చిన్న దగ్గు కూడా లేదు. ఆఫీసు బస్సుల పక్కనుంచి, ఆయన సరిచేసిన తీరుగానే, మెత్తగా పోతూనే ఉంది.