ముగ్గురు మామలను మింగిన యుటిలిటీ

ముందే ఒప్పుకుంటున్నాను, నేను గోరంతను కొండంత చేసే మనిషిని. సగం తగ్గించి చదువుకోండి.

రెండువేల దశకం మొదట్లో కర్నూలులో ఒక కంప్యూటర్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. సబ్సిడీ వేరుశనగ విత్తనాల కోసం జిల్లా రైతుల పేర్లన్నీ ఒకే టెక్స్ట్ ఫైలుగా వచ్చేవి. వాటిని ఊళ్లవారీగా పేర్చడం నా పని. పాత సార్ట్ కమాండు కొట్టి, మహానంది పోయి కోనేట్లో మూడు మునకలేసి తిరిగొచ్చినా నల్లతెర నల్లగానే ఉండేది.

దానికి బదులుగా, కడపలో కంప్యూటర్ పాఠాలు చెప్పే నా స్నేహితుడు కమాండుతో నడిచే యుటిలిటీలు, అంటే చిన్న ప్రోగ్రాములు, మూడు సీడీలో తెచ్చాడు. ఆరేళ్లు ఒకే గదిలో ఉండి, ఒకే కంచంలో తిన్నవాళ్లం. మొదటిది ఫైలు చూడగానే కళ్లు తేలేసింది. రెండోది ఇంగ్లీషు పెద్దక్షరాలతో రాసిన ఊళ్లకు ముందు మగపెళ్లివారి పంక్తి వేసి, చిన్నక్షరాల వాటిని చివరికి తోసింది. మూడోది నా చేతిలో మిరపకాయ బజ్జీ చల్లారకముందే ముగించింది. వరుస బాగుంది. పేర్ల లెక్క సరిచూడకుండా అదే ఖాయం చేశాను.

నందికొట్కూరు దగ్గర నాకు నలుగురు మామలు, అన్నదమ్ముల బిడ్డలు. నలుగురికీ తాత పేరే. ఇంటిపేరూ, ఊరూ ఒకటే. జాబితాలో అంతకుమించి ఏమీ ఉండేది కాదు. పంపిణీ రోజు నలుగురూ గోతాలతో నిలబడితే పేరు ఒక్కటే ఉంది. ఆ ఒక్క వాటా పెద్ద మామకు పోయింది. వాన పడి రెండు రోజులైంది, నేల పదును ఆరితే విత్తనమెందుకు? నేను పరుగెత్తి పోయేసరికి చిన్న మామ నవ్వి, "నలుగురికీ ఒకే పేరు పెట్టిన మా తాత గూడా ఇంత పొదుపు చేయలే అల్లుడా" అన్నాడు.

ఆ యుటిలిటీ ఒకేలా ఉన్న లైన్లలో ఒకటి ఉంచి మిగతావి పారేసిందట. ఫోన్ చేస్తే స్నేహితుడు తాపీగా, "ఒకే లైను నాలుగుసార్లు ఎందుకని నేనే అట్ల పెట్టినా గదప్పా" అన్నాడు. మరునాడు వ్యవసాయ అధికారి ఇద్దరినీ పిలిపించి నిలదీస్తే, స్నేహితుడు నా పక్కనే నిలబడి, నా ముఖం చూడకుండా చెప్పాడు.

"నేను సీడీ ఇచ్చినా, అంతే సార్. ఎంచుకునింది ఆయప్పే."

పాత కమాండే ముక్కుతూ మూలుగుతూ నలుగురినీ వెనక్కి తెచ్చింది. అప్పటికి పదును ఆరిపోయింది.

స్నేహితుడి మాట నేను కల్పించానని అనుకుంటున్నారేమో. అందులో అక్షరం కూడా నాది కాదు. కల్పించింది చిన్న మామ మాట. ఆయన నవ్వలేదు. ఖాళీ గోతం మడిచి చంకలో పెట్టుకొని బస్సెక్కాడు.