మేకల్ని కంప్యూటర్‌కెక్కించిన సంవత్సరం

ఎనభైల నడుమ వరంగల్‌లో నేను ఎం.టెక్. చదివేటప్పుడు మా క్లాసులో ఆడపిల్లను నేనొక్కదాన్నే. ప్రాజెక్టుకు జోడీ దొరకడం కష్టమైంది. అందరూ జతలైపోగా మిగిలినవాడు డోర్నకల్ నుంచి వచ్చిన ఒక రైల్వే గార్డు కొడుకు. మంచివాడే గానీ లోకాన్నంతా రైలు లెక్కలోనే చూసేవాడు. క్యాంటీన్‌లో చాయ్ ఆలస్యమైతే "ఇంక సిగ్నల్ ఇయ్యలే" అనేవాడు.

మా సార్ మాకిచ్చిన పని ఇది: ఊరి పైనున్న చెరువు కట్ట తెగితే కిందనున్న బస్తీ ఎంతసేపట్లో ఖాళీ అవుతుంది, ఏ రోడ్డున ఎంతమంది పోవాలి? కంప్యూటర్ లోపల ఒక ఉత్తుత్తి బస్తీ కట్టి, అందులో ఉత్తుత్తి జనాన్ని నిమిషానికింత చొప్పున ముందుకు జరుపుతూ చూడాలి. దాన్ని సిమ్యులేషన్ అంటారు. మా కాలేజీలో కంప్యూటర్‌కు ఏసీ గది, మాకు బయట వరండా. ప్రోగ్రాంలో ఒక్కో లైనుకూ ఒక్కో అట్ట కార్డు. వాటికి చిల్లులు పొడిచి, ఆపరేటర్ చేతిలో పెట్టి వస్తే మర్నాటికి జవాబు అచ్చై వచ్చేది.

మొదటి జవాబు: బస్తీ మొత్తం పంతొమ్మిది నిమిషాల్లో ఖాళీ. సార్ మొహం వెలిగిపోయింది. నేనా కాగితం పట్టుకుని ఆ బస్తీలోనే ఉన్న దర్జీ ఖాలా ఇంటికి పోయాను. పిన్నీ బాబాయీ అన్నట్టు ఆమెను ఖాలా అని, ఆమె భర్తను ఖాలూ అని పిలిచేవాళ్ళం. మా ఇంట్లో ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆమే కుట్టేది. చిన్నప్పటి నుంచీ నన్ను బేటీ అనే పిలిచేది.

"పంతొమ్మిది నిమిషాలా?" ఖాలా మిషన్ తొక్కడం ఆపి నవ్వింది. "మీ ఖాలూ లుంగీ ఇడిచి షేర్వాణీ ఏసుకునేటాల్లకే అర్ధగంట అయితది. అది లేకుండ గడప దాటడు. నీ మిషిన్‌కు ఆ సంగతి చెప్పినవా?"

చెప్పలేదు. మా ప్రోగ్రాంలో మనుషులందరూ కాళ్ళున్న చుక్కలు. మైకు వినగానే లేచి నడుస్తారు. సార్ తెప్పించిన పరాయి దేశపు పుస్తకంలోనైతే అందరికీ కార్లు.

దాంతో మేమిద్దరం ఒక కాపీ పుస్తకం తీసుకుని ఇల్లిల్లూ తిరిగాం. నీళ్ళొస్తే ముందు ఏం చేస్తారని అడిగాం. కుట్టుమిషన్ మోస్తామన్నారు. మేకల్ని విప్పుతామన్నారు. బడికి పోయి పిల్లల్ని తెచ్చుకుంటామన్నారు, అంటే వచ్చే జనానికి ఎదురుపోతారన్నమాట. ఒకావిడ లోపలికి తొంగిచూసి, గొంతు తగ్గించి, "మా అత్తను మీరే తీస్కపోరాదుండ్రి, సర్కారు పనే గద" అంది. నా జోడీ అది కూడా రాసుకోబోతే చెయ్యి పట్టి ఆపాను.

మళ్ళీ కార్డులు పొడిచాం. మేకకు కొత్త వాహనం రకం పెట్టి, గోట్ కాబట్టి 'జి' అని పేరిచ్చాం. వెనక్కి మళ్ళేవాళ్ళకు ఇంకో రకం. ఈసారి ఉత్తుత్తి బస్తీ బజారు చౌరస్తాలో ఇరుక్కుంది. కంప్యూటర్ ఒక్కో నిమిషానికీ ఒక్కో వరస కొడుతూ కాగితం మీద కాగితం ఉమ్మేసింది. ఆపరేటర్ ఆ చుట్టను చంకన పెట్టుకుని వరండాలోకి ఉరికొచ్చాడు.

"ఏందయ్యా ఇది? మీ బస్తీ ఖాళీ కాలే గని నా స్టోర్‌రూం ఖాళీ అయింది!"

కాగితాలు పరిచి చూస్తే సంగతి తేటగా ఉంది. బస్తీ నుంచి రెండు రోడ్లు. బజారు రోడ్డు దగ్గరి దారి, బడి రోడ్డు చుట్టు తిరుగుడు. అందరూ బజారు రోడ్డే పడుతున్నారు. సగంమంది బడి రోడ్డున పోతే మేకలతో సహా అందరూ బయటపడతారు.

ఇది చూడడానికి ఒక పెద్దాఫీసర్ వస్తున్నాడని, ఆ మేకల్ని తీసెయ్యమని సార్ అన్నారు. మేం తియ్యలేదు. ఆఫీసర్ కాగితం మీద వేలు పెట్టి అడగనే అడిగాడు.

"ఈ జి ఏంది? గూడ్స్ బండా?"

"అసొంటిదే సార్," అన్నాడు నా జోడీ, మొహంలో ఏ మార్పూ లేకుండా. "ఆకు తిని నడుస్తది."

సార్ కళ్ళు మూసుకున్నారు. ఆఫీసర్‌ది నర్సంపేట దిక్కు, రైతుల ఇల్లు. పగలబడి నవ్వి, "మా ఇంట్ల మస్తుగుండె. ఒక్కటి అడ్డం తిరిగితే బస్సులు ఆగేటియి," అన్నాడు. వచ్చే వారం పట్టపగలు ఒక రిహార్సల్ పెడదామని, సగం జనాన్ని బడి రోడ్డున పంపే పూచీ మా ఇద్దరిదేనని చెప్పి పోయాడు.

రిహార్సల్ ముందురోజు ఇద్దరం ఖాలా ఇంట్లో దిగాలుగా కూర్చున్నాం. వట్టిగా చుట్టు తిరిగి పొమ్మంటే ఎవరు పోతారు? ఖాలా దారం కొరికి, "బడికాడ రేపు గ్యాసునూనె ఇస్తరంట అంటే పోరా?" అంది. కిరోసిన్ అంటే ఆ రోజుల్లో బంగారం.

"అబద్ధం కదా ఖాలా!"

"ఇస్తరని అన్ననా నేను? ఇస్తరంట అన్న."

సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ఆ సాయంత్రం నల్లా దగ్గర నీళ్ళు పడుతున్న ఇద్దరాడవాళ్ళతో ఆ 'అంట'ను నేనే అన్నాను.

మర్నాడు పొద్దున పదింటికి మైకు కట్టిన రిక్షా బస్తీలో తిరిగింది. జనం లేచారు. సగం కాదు, మొత్తం బడి రోడ్డెక్కారు, చేతుల్లో డబ్బాలతో. బజారు రోడ్డు మీద ఒక్క పురుగు లేదు. బడి గేటు ముందు మేకలు, కుట్టుమిషన్లు, డబ్బాలు, షేర్వాణీలో ఖాలూ. ఇంక లాభం లేదని ఖాలా అరుగెక్కి, "ఇక్కడ కాదంట, బజార్ల రేషన్ దుకాన్‌ల అంట!" అని కేకేసింది. సగంమంది వెనక్కి తిరిగి బజారు రోడ్డు పట్టారు. రెండు రోడ్లూ సమానంగా నిండాయి. ఆఫీసర్ గడియారం చూసుకుని, "అరె, కంప్యూటర్ చెప్పినట్టే ఉంది!" అన్నాడు. సార్ ఛాతీ విరుచుకుని నిలబడ్డారు. నా జోడీ నా చెవిలో, "లైన్ క్లియర్," అన్నాడు.

అంతలో డబ్బాలు మోగడం మొదలైంది. నూనె ఏదని ఒకరు, ఎవరు చెప్పిండ్రని ఇంకొకరు. నల్లా దగ్గరి ఆవిడ గుంపులోంచి వేలు చూపించింది.

"ఈ బిడ్డనే!"

కాళ్ళ కింద రోడ్డు చీలితే బాగుండుననిపించింది. ఒప్పుకున్నాను. ఆఫీసర్ తిట్టలేదు. మెల్లగా, "అమ్మా, రేపు నిజంగ నీళ్ళొస్తే వీళ్ళు నీ మాట నమ్ముతరా?" అని అడిగాడు. తిట్టినా బాగుండేది. ఆ వారమంతా ఇల్లిల్లూ తిరిగి మాఫీ అడిగాను. ఖాలా నా వెంటే వచ్చి, ప్రతి గడపలోనూ నాకంటే ముందు తనే లోపలికి పోయి కూర్చునేది. కొందరు చాయ్ పోశారు. ఒకాయన మొహం మీదే తలుపేశాడు. ప్రాజెక్టు రిపోర్టులో ఆ పూట జరిగినదాన్ని సార్ 'స్థానిక సమాచార ప్రభావం' అని రాయించారు. మాకు మంచి మార్కులే వచ్చాయి.

మరుసటి వానాకాలం ఒక మధ్యాహ్నం చెరువు నిండి, నీళ్ళు పొర్లి మత్తడి దుంకింది. కట్ట తెగలేదు గానీ బస్తీలోకి నీళ్ళు దిగుతున్నాయని తెలిసింది. నా జోడీ అప్పటికి ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు. నేనొక్కదాన్నే గొడుగు పట్టుకుని ఉరికాను. మైకు మాట ఎవరూ వినరేమో, అది నావల్లేనేమో అన్న భయంతో ఎక్కడా ఆగలేదు. బజారు రోడ్డు మీద మనుషుల్లేరు. బడి రోడ్డు మీదా లేరు. నీళ్ళు మోకాలి దాకా వచ్చాయి. నాకు ఏడుపొచ్చింది.

"బేటీ! కిందేం చేస్తానవ్? ఎక్కు పైకి!"

తలెత్తి చూశాను. మసీదు డాబా నిండా జనం. పక్కనున్న రెండంతస్తుల ఇంటి మీదా జనం. పిల్లలు, ముసలివాళ్ళు, మూటలు. అందరి ముందూ ఖాలా, పిట్టగోడ మీదికి వంగి చెయ్యి ఊపుతోంది. మా ప్రోగ్రాంలో రోడ్లన్నీ ఉన్నాయి, ఒక్క మెట్టు లేదు. ఏడాది పాటు ఆ బస్తీలో తిరిగి, కిందికే చూశాం గానీ పైకి చూడాలన్న ఆలోచనే మాకు రాలేదు.

ఎక్కి వాళ్ళ నడుమ కూర్చున్నాను. ఎవరో తుడుచుకోమని తువ్వాల ఇచ్చారు. వాన తగ్గాక సంచిలోంచి కాగితం తీసి, ఎవరి వయసెంతో, ఎవరెంతసేపట్లో మెట్లెక్కారో అడిగి రాసుకున్నాను. ఈసారి ఎవరూ తలుపెయ్యలేదు, వెయ్యడానికి అక్కడ తలుపుల్లేవు కూడా. ఖాలా తన వయసు పదేళ్ళు తగ్గించి చెప్పింది. నేను అలాగే రాసుకున్నాను.