వేలంత పిన్ను

హోసూరులో నేను పనిచేసే ఫ్యాక్టరీలో ఎవరికీ గిట్టని మనిషి ఒకాయన ఉండేవాడు. సీనియర్ ఫిట్టరు, డెంకణికోట వైపు వాడు. పక్కవాడి క్యారియర్‌లోకి తొంగిచూసి, ఇంట్లో నీకున్న మర్యాద ఇంతేనా అనేవాడు. ఆడవాళ్ళు ఏం చేసినా గొణుగుడు, మా చిత్తూరు వాళ్ళంటే ఎకసెక్కెం. నేను అక్కడ క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ని. "ఈయప్పకు కొలిచేది రాదు, సంతకం పెట్టేది మాత్రం బాగా వస్తుంది" అని ఒకసారి షిఫ్ట్ మొత్తం వినేలా అన్నాడు. అది నేను మనసులో పెట్టుకున్నాను.

మా లైన్లో బ్రాకెట్లకు వెల్డింగ్ చేసేవాళ్ళు. కుడివైపు ముక్కా ఎడమవైపు ముక్కా చూడటానికి దాదాపు ఒకటే. వాటిని బిగించే ఇనప అచ్చును జిగ్ అంటాం. కుడి జిగ్‌లో ఎడమ ముక్క పెట్టినా ఇట్టే కూర్చుంటుంది. అలా తప్పుగా అతికినవి అప్పుడప్పుడు నా కన్ను కూడా దాటిపోయేవి.

ఒకరోజు పొద్దున మీటింగులో ఆయన ముందుకొచ్చాడు. "మీకు కండ్లు లేవని తెలిసే చెప్తా ఉండా. రైట్ జిగ్గులో, లెఫ్ట్ ముక్కకు మాత్రం తగిలే చోట, వేలంత పిన్ను కొట్టండి. లెఫ్ట్ ముక్క దాంట్లో కూర్చోదు. గుడ్డోడు గూడా తప్పు చేయలేడు."

ఆయన చెబుతుండగానే అది సరైన మాటని నాకు అర్థమైపోయింది. సూపర్‌వైజర్ నావైపు తిరిగి, "ఏమంటావప్పా?" అన్నాడు.

"పిన్ను అడ్డమొస్తుంది సార్. ఒక్కో ముక్కకు టైం పెరుగుతుంది" అన్నాను. అది అబద్ధం. అందరూ ముసిముసిగా నవ్వారు. టీ దగ్గర ఒకడు నా భుజం తట్టాడు. ఆ రోజంతా నాకు హుషారుగానే ఉంది.

మూడు వారాలకు, తప్పు బ్రాకెట్లు ఒక పెట్టెడు కొనేవాళ్ళ దాకా పోయాయి. ఆ షిఫ్టులో జిగ్‌లో ముక్కలు పెట్టింది బేరిగై నుంచి బస్సులో వచ్చే ఒకావిడ. కాంట్రాక్టు మనిషి. అనపకాయల కాలంలో నాకోసం గింజలు ఒలిచి తెచ్చేది. రేపటినుంచి రావద్దని ఆమెకు చెప్పేశారు.

"నేను చూసే పెట్టినాను సార్. మీరొక మాట చెప్పండి" అంది నా దగ్గరికొచ్చి.

"చూస్తానమ్మా" అన్నాను. చూడలేదు. తప్పు ఆమెది కాదు, జిగ్‌దని చెప్పాలంటే, ఫిట్టరు అన్నదే నిజమని ఒప్పుకోవాలి. అందరి ముందూ ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. ఆమె గేటు దాకా వెళ్ళి గుర్తింపు కార్డు ఇచ్చేసి పోయింది.

తర్వాతి నెల సూచనల ఫారం తీసుకుని, పిన్ను బొమ్మ చక్కగా గీసి, నా పేరు రాశాను. మనిషి ఎలాంటివాడైనా మాట మంచిదైతే తీసుకోవాలని పెద్దలంటారు. నేను మాట తీసుకుని, చెప్పిన మనిషిని పక్కకు నెట్టాను. ఆ సూచనకు బహుమతిచ్చారు, ఒక హాట్‌బాక్స్. ఆ మీటింగు గుర్తున్నవాళ్ళు కూడా ఫిట్టరు పేరెత్తకుండా చప్పట్లు కొట్టారు. మా ఇంట్లో ఇప్పటికీ దాంట్లోనే సంగటి పెడతారు.

పిన్ను కొట్టే పని ఆ ఫిట్టరుకే పడింది. నేను పక్కనే నిలబడ్డాను, ఏమైనా తిడితే పడదామని. ఆయన రంధ్రం వేసి, పిన్ను దిగగొట్టి, ఎడమ ముక్క పెట్టి చూశాడు. కూర్చోలేదు.

"నేను చెప్పిన పొద్దే కొట్టింటే ఆయమ్మ ఈడనే ఉండేది గదప్పా" అన్నాడు. నా ఫారం సంగతి ఎత్తనే లేదు. వెళ్తూ వెళ్తూ హెల్పర్‌ని ఏదో బూతు తిట్టాడు. ఆయన ఏమీ మారలేదు. నాకే తల ఎత్తుకోలేనంత సిగ్గేసింది.

పోయిన వేసవిలో కృష్ణగిరి బస్టాండులో ఆమె కనిపించింది. ముందు తనే గుర్తుపట్టి పలకరించింది. "మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పోతా ఉండాను సార్. సీజన్ ఉన్నన్నాళ్ళే పని" అంది. నేను ఏమంటానోనని చూడకుండానే, "ఆ పొద్దు మీరు నాకోసం అడిగింటారని తెలుసు సార్. వాళ్ళే వినుండరు" అంది.

ఇప్పుడైనా చెప్పేయాలనుకున్నాను.

"అడిగినానమ్మా" అన్నాను. "వినలేదు."

ఆమె సంచిలోంచి రెండు మామిడిపండ్లు తీసి ఇచ్చింది. చేయి చాపి తీసుకున్నాను.