ఉపవాసమని చెప్పీసాను

నా అంత తిండిపోతు కలకత్తా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో ఇంకొకడు లేడని మా వాళ్లే అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. గూడ్సు గార్డుని. నలభై ఆరేళ్లు, పెళ్లి చేసుకోలేదు, ఇంట్లో అమ్మా నేనూ. అమ్మ శ్రీకాకుళం నించి మా నాన్న వెనకాల ఈ ఊరొచ్చింది. బెంగాలీ నేర్చింది గానీ తిండి మాత్రం మార్చలేదు. కంచంలో అన్నం గుట్టగా కనబడకపోతే ఆవిడ లెక్కలో నేను తిన్నట్టే కాదు.

చలి తగ్గుతున్న రోజుల్లో డ్యూటీ మెడికల్‌కి వెళ్తే షుగరు తేలింది. డాక్టరు మంచాయనే, మూడు నెలలు టైమిచ్చాడు. అన్నం తగ్గించు, తీపి మానీ, రోజూ నడు, ఈ మాత్ర వేసుకో అన్నాడు. అప్పటికీ దిగకపోతే బండి మీంచి దించి ఆఫీసులో కూర్చోబెడతారని కూడా చెప్పాడు. నాకు ఆఫీసు కుర్చీ అంటే చావే. ఇరవై రెండేళ్లుగా బండి చివరి బ్రేకు వేనులో ఒక్కణ్ణీ కూర్చుని, వెనక్కి పోయే పట్టాలు చూస్తూ బతికినోణ్ణి. ఈ ఊళ్లో నాదీ అనుకున్న చోటు అదొక్కటే.

ఇంట్లో చెప్పీవచ్చు కదా అంటారు. ఎలా చెప్తానండీ? మా నాన్న షుగరుతోనే పోయాడు. ముందు కాలి వేలు, తర్వాత పాదం, తర్వాత మనిషి. ఆ రోగం పేరు మా ఇంట్లో ఎవరమూ ఎత్తం. పైగా మా క్వార్టర్ల లైన్లో తెలుగిళ్లన్నీ గోడకి గోడ. పొద్దున్న ఒకరికి తెలిస్తే సాయంత్రానికి యార్డంతా తెలిసిపోద్ది. మాత్రలు తీసుకెళ్లి డ్యూటీ పెట్టెలో ఎర్రజెండా కింద దాచాను.

మా తెలుగు చర్చి వాళ్లకి వారానికోసారి ఒకో ఇంట్లో ప్రార్థన కూటం ఉంటుంది. ప్రార్థనవగానే ప్లేటు. ఆ ప్లేటు వెనక్కిస్తే ఆ ఇంటితో పడనట్టే. ఓ ఇంట్లో సేమియా పాయసం వద్దన్నానని ఆ ఇంటావిడ వారం రోజులు అమ్మతో మాట్లాడలేదు. మరుసటి వారం రెండు గిన్నెలు తాగి సంధి చేసుకోవలసొచ్చింది. పోనీ నడుద్దామని కొత్త బూట్లేసుకుని గేటు దాటితే, టీ కొట్టు దాదా నన్ను చూడగానే రెండు చెంచాల పంచదార కొట్టి మట్టి కప్పు చేతిలో పెట్టీవాడు. కుడితిలో పడ్డ ఎలకలాగైపోయింది నా బతుకు.

అంతలో ఈస్టరు ముందు వచ్చే నలభై శ్రమల దినాలు మొదలయ్యాయి. నా బుర్రలో గొప్ప తెలివి వెలిగింది. ఉపవాసమని చెప్పీసాను. ఉపవాసం ఉన్నోడికి ఎవరు ప్లేటు పెడతారు?

అమ్మ సంతోషంతో ఏడ్చినంత పని చేసింది. ప్రసంగం మధ్యలో గురక పెట్టే కొడుక్కి ఇన్నాళ్లకి దేవుడు గుర్తొచ్చాడని. ఆదివారం నాడు మా పాస్టరు అయ్యగారు నన్ను లేపి నిలబెట్టి, ఈ బిడ్డ కోసం అందరూ ప్రార్థించండి అన్నారు. ఇంక వెనక్కి రావడానికి దారి లేదు.

నేను మర్చిపోయిందేటంటే, మా వాళ్ల ఉపవాసం దీపాలేళ దాకానే. పగలంతా మంచినీళ్లు, సాయంత్రం ప్రార్థన చేసుకుని విడుస్తారు. ఆ విడవడం మామూలుగా ఉండదు. పిల్లడు కడుపు మాడ్చుకున్నాడని అమ్మ ఐదింటికే పొయ్యి ముట్టించీది. చేపల పులుసు, వేపుడు, గుట్టన్నం. ఉపవాసం ఉన్నోడికి పెడితే ఆశీర్వాదమని నాలుగిళ్ల నించీ గిన్నెలొచ్చీవి. పక్కింటి బౌదీ, అదే బెంగాలీ వదినగారు కూడా తియ్యపెరుగు కుండ పంపించింది. దేవుడి మీద కోపమొచ్చింది, నా మీద ఇంకా ఎక్కువొచ్చింది. అయినా తిన్నాను. పగలంతా మాడి ఉన్నాను, తినక ఏటి చేస్తాను?

నడక మేడ మీదకి మార్చాను. ఆరేసిన చీరల మధ్య పొద్దున్నే నలభై చుట్లు. అమ్మ అది చూసి, బైబిల్లో యెరికో కోట గోడ చుట్టూ తిరిగినట్టు మావోడు ప్రార్థిస్తూ తిరుగుతున్నాడని లైనంతా చెప్పింది. ఒకావిడ తన మోకాలి నొప్పి కోసం ఒక చుట్టు తిరగమంది. ఇంకొకాయన కొడుకు ఉద్యోగం కోసం మూడు. సిగ్గు చంపుకుని తిరిగాను. ఊరికే తిరిగితే మోసం కదా అని ప్రార్థన కూడా చేశాను. ఆ మోకాలి నొప్పి తగ్గిందట. నా షుగరే తగ్గలేదు.

డ్యూటీలో ఒక్కణ్ణే కదా, దొంగతనంగా తినొచ్చు కదా అంటే, అమ్మ కారేజీ కట్టదు. స్టేషన్లో కొనుక్కుందామంటే మావాడెవడో ఒకడు చూస్తాడు. అలా ఓ రోజు ఖాళీ కడుపున మాత్ర వేసుకుని బండెక్కాను. మధ్యాహ్నం ఓ చిన్న స్టేషను దాటుతుంటే పచ్చజెండా చూపించడానికి చెయ్యెత్తాను. షుగరు ఒక్కసారిగా పడిపోయినట్టుంది. ఒళ్లంతా చెమటలు, ప్లాట్‌ఫారం రెండుగా కనబడుతోంది. బండి ఆలస్యమైతే దారిలోనే ఉపవాసం విడుస్తాడని అమ్మ ఇచ్చిన సందేశ్ మిఠాయి పొట్లం పెట్టెలో ఉంది. అది నోట్లో కుక్కుకుని, కాసేపు నేల మీదే కూర్చున్నాను. అంత పెద్ద బండికి కాపలా నేను. ఆ రోజు భయపడ్డట్టు నా జన్మలో భయపడలేదు.

ఆ ఆదివారమే అయ్యగారు నా ఉపవాసం గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పమని పిలిచారు. ముందు వరసలో అమ్మ, నా వైపే చూస్తోంది.

"నాది ఉపవాసం కాదండి. నాకు షుగరుంది. చెప్పడానికి భయమేసి దేవుడి పేరు వాడుకున్నాను."

అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆరాధనయ్యాక ముగ్గురు మగాళ్లు విడివిడిగా నా దగ్గరికొచ్చి, ఏ మాత్ర వాడుతున్నావని చెవిలో అడిగి వెళ్లారు.

అమ్మ దారంతా నాకన్నా ముందే నడిచింది. ఇంటికొచ్చి వంటగది గుమ్మంలో నిలబడిపోయింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మీ నాన్నకీ నానే వొండి పెట్టినాను" అంది.

డాక్టరు వద్దన్నా మనిషి ఆశపడుతున్నాడని, ఆస్పత్రికి కూడా కారేజీలో అన్నం పంపించీది. ఆ కారేజీ మోసింది నేనే.

మూడు నెలలయ్యేసరికి షుగరు దిగింది, మెడికల్ పాసయ్యాను. బండి మీదే ఉన్నాను. ఇప్పుడు ప్లేటు వద్దంటే ఎవరూ అలగరు. టీ కొట్టు దాదా మొహం చిట్లించైనా పంచదార లేని టీ ఇస్తాడు. మేడ దిగి అందరి ముందూ రోడ్డు మీదే నడుస్తున్నాను. అంతా నేను కోరుకున్నట్టే అయింది.

అమ్మ వండుతుంది. రెండు చోడి, అదే రాగి రొట్టెలు, ఆకుకూర, చిన్న చేప ముక్క. బల్ల మీద మూత పెట్టీసి వెళ్లిపోతుంది. వడ్డించదు. ఇంట్లో ఉన్న రోజున ఆవిడ చేతి మీదుగా కాకుండా నా కంచంలో మెతుకు పడింది లేదు ఇన్నాళ్లూ. బతిమాలాను, కోప్పడ్డాను, ఒకసారి తినకుండా లేచిపోయాను కూడా.

"నీ సేత్తో నువ్వే ఎట్టుకో నాయినా. నా సెయ్యి మంచిది కాదు."

నేను తింటున్నంతసేపూ లోపలి గదిలో తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుంటుంది. నేను చెయ్యి కడుక్కున్న చప్పుడు వినబడ్డాకే బయటికొస్తుంది.