తలకిందుల చిక్కుడు గింజ

ఐదో తరగతితోనే బడి ఇడిసిపెట్టి నేను పటాన్‌చెరుల సైకిల్ షాపుల పనికి కుదిరిన. ఆరో తరగతి చదివే మా తమ్ముడు బడిల నేర్చిన కొత్త ముచ్చట రోజొకటి తెచ్చి అన్నం కాడ చెప్పేటోడు. నాకు కడుపుల మండేది.

ఒకనాడు గాజు గిలాస లోపల తడి కాగితం చుట్టి, గాజుకు ఆనేటట్టు చిక్కుడు గింజలు ఇరికించిండు. సైన్సు సారు చెయ్యమన్నడట.

"గింజ మొలుస్తదని చెప్పనీకె సారెందుకురా? అవ్వ పెసర్లు బట్టల కట్టి మొలిపిస్తలేదా? ఆమెకు గూడ జీతమియ్యమను!" అన్న. అవ్వ నవ్వింది. వాడు నవ్వలే.

"తలకిందులు పెట్టినా వేరు కిందికే వస్తదంట అన్నా," అన్నడు.

ఆ సారు మాట తప్పు కావాల్నని నాకు మస్తు ఆశ. వాడు చూడకుండ ఒక గింజను తిప్పి పెట్టిన. పొద్దుగాల వాడికంటె ముందే లేచి చూసేటోన్ని. వేరు జెర మీదికి లేచింది, ఇగ గెలిచిన అనుకున్న. తెల్లారి చూస్తే వంగి కిందికి తిరిగింది.

"ఎందుకట్ల తిరిగిందిరా?" అని అడగక తప్పలే.

"సారు సోమారం చెప్తడు."

సోమారం పొద్దున వాడు కడుపునొప్పని ముసుగుతన్నిండు. నేనే లేపి, షాపు సైకిల్ మీద కూసోబెట్టి, బడి గేటు కాడ దించొచ్చిన.