అమ్మ సీసాలు, నా అంచనా

నేను బందరులో సైన్సు మాస్టారుగా ఉన్న రోజుల్లో, గుడివాడలో ఒక మహిళా సంఘం వారు నన్ను ప్రసంగానికి పిలిచారు. ఇంట్లో తాగి పారేసే సీసాలను మళ్లీ కరిగించడానికి ఇస్తే ఎంత ఇసుక, ఎంత బొగ్గు మిగులుతాయో చెప్పాలి. పుస్తకంలో అంకెలు ఎవరైనా చెబుతారు. నేను మా ఇంటి అంకెలే చెబుతానని, నెల రోజుల సీసాలు తెచ్చి మరీ చూపిస్తానని మాటిచ్చేశాను. పొరుగూళ్లో మాట్లాడటం అదే మొదలు. నాకంటే ముందు నా నోరు ఊరు దాటింది.

వంటింటి గుమ్మం పక్కన గోనెసంచి పెట్టి, ఖాళీ అయిన సీసాలన్నీ అందులో వేయమని అమ్మకు చెప్పాను. నెల తిరిగాక చూస్తే సంచిలో ఒక బల్లి ఉంది.

మా ఇంట్లో ఖాళీ సీసాకు ఖాళీ ఉండేది కాదు మరి. షర్బతు సీసాల్లో నువ్వులనూనె. పాలలో కలిపే పొడి వచ్చిన వెడల్పు మూతి సీసాలో, నాగాయలంక నుంచి అక్క పంపిన నెయ్యి. మద్యనిషేధం రాకముందు మావయ్య వదిలి వెళ్లిన బ్రాందీ సీసా, కొబ్బరినూనె పోసుకుని మర్యాదస్తుల్లో కలిసిపోయింది.

"ఒక్కటి కూడా పారెయ్యలేదేంటమ్మా?"

"పారెయ్యడానికి అదేం చేసిందిరా పాపం?"

"ఉత్తి చేతుల్తో వెళ్తే నవ్వుతారే!"

మర్నాడు పొద్దున చూస్తే సంచి నిండుగా ఉంది. వంటింట్లో నూనె స్టీలు గిన్నెల్లోకి, నెయ్యి టిఫిను డబ్బాలోకి, కొబ్బరినూనె చెంబులోకి మారాయి. సీసాలన్నీ అమ్మ కుంకుడు రసంతో తోమి, తుడిచి పెట్టింది.

"నలుగుర్లో చిన్నబోకురా. కానీ జాగ్రత్త, కరిగించేవాళ్లెవరన్నా అడిగితే ఇవ్వమాకు."

కరిగించమని చెప్పడానికి వెళ్లేవాడికి ఆ షరతు కాస్త ఇబ్బందే.

వీధి చివర కొట్టులో తక్కెడ అడిగి తూచాను. ఎంత గాజు కరిగిస్తే ఇంచుమించు అంత ఇసుక, సున్నపురాయి తవ్వక్కర్లేదు. కొలిమిలో బొగ్గూ కొంత మిగులుతుంది. అలా లెక్క వేస్తే ఏళ్ల తరబడి చేరిన సీసాలన్నీ ఒకే నెల ఖాతాలో పడ్డాయి. మాది ఇల్లో, సోడా ఫ్యాక్టరీయో నాకే తెలియలేదు.

గుడివాడ ప్యాసింజరులో కుదుపుకొకసారి సంచి గలగలమంది. ఎదుటి సీటాయన ముందుకు వంగాడు.

"మాస్టారూ, సరుకేనా?"

"ఖాళీవండీ."

"అయ్యో, అప్పుడేనా!"

సభలో సీసాలు బల్ల మీద పేర్చి, నా అంకెలు చదివాను. ముందు వరసలోని పెద్దావిడ కళ్లజోడు సవరించుకుంది.

"నెలకి ఇన్నా? మీ ఇంట్లో ఎంతమందండీ?"

"ఇద్దరమండీ. మా అమ్మా, నేనూ."

హాలంతా గొల్లుమంది. బ్రాందీ సీసా సరిగ్గా నా ముందే ఉంది. ఇక దాచలేకపోయాను.

"ఇవి నెలవి కావండీ, మా అమ్మవి. నాకు తక్కువ కాకూడదని నూనె, నెయ్యి గిన్నెల్లో పోసుకుని పంపింది. కరిగే సీసాకైతే లెక్క కట్టగలను. ఇన్నేళ్లూ కరక్కుండా పనిచేసిన సీసా వల్ల ఎంత మిగిలిందో కట్టడం నాకు రాదు."

"మా అత్తగారిదీ ఇదే జబ్బండీ!" అంది వెనకనుంచి ఒకావిడ. అంతే, ఎవరింటి సీసాల కథ వాళ్లు అందుకున్నారు. నా ప్రసంగం అక్కడ ఆగింది. వాళ్లది బండి వేళ దాకా సాగింది. చివరికి వాళ్లే ఒక్కో సీసాకూ కాగితం చుట్టి సంచిలో సర్దారు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. సంచి వైపు చూడలేదు, నా ముఖంలోకి చూసింది.

"నవ్వారా?"

"బాగా నవ్వారమ్మా."

అమ్మ ముఖం వాడిపోయింది.

"చాల్లేదా? ముందే చెబితే పక్కింటివాళ్లవి కూడా అడిగేదాన్ని కదరా!"